యజమానిని కదిలించే నిరసన ఏది? టెన్నిస్ బంతుల నుంచి టికెట్ల బహిష్కరణ దాకా

బీచ్‌రోడ్_ఫుల్‌బ్యాక్ (చర్చ మొదలుపెట్టినవారు)

సూటిగా విషయానికి వస్తా. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులు ఇరవై ఏళ్లుగా యజమానులైన గ్లేజర్ కుటుంబాన్ని దిగిపొమ్మంటున్నారు, వాళ్లు దిగలేదు. లివర్‌పూల్ జనం ఒక్క మ్యాచ్‌లో పదమూడు నిమిషాలు ముందు లేచి వెళ్లిపోతే నాలుగు రోజుల్లో యాజమాన్యం క్షమాపణ చెప్పింది. జర్మనీలో టెన్నిస్ బంతులు విసిరి సుమారు వంద కోట్ల యూరోల బేరాన్నే ఆపేశారు. మన హైదరాబాద్ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్తే మాత్రం చడీచప్పుడు లేదు. తేడా ఎక్కడుంది?

ఇంకోటి. వైజాగ్‌లో యునైటెడ్ మ్యాచ్‌లు కలిసి చూసే బృందం ఒకటి ఆర్కే బీచ్‌లో బ్యానర్‌తో నిలబడాలనుకుంటోంది. గుడ్డ, అనుమతి, రాత గురించి తెలిసినవాళ్లు చెప్పండి. ‘గ్లేజర్స్ అవుట్’ అని నాలుగు మంట బొమ్మలు పెట్టి పోయేవాళ్లకు వేరే చోట్లు చాలా ఉన్నాయి.

లెక్కల_మాస్టారు

ముందు డబ్బు ఏ దారిన వస్తోందో చూడండి, ఆ తర్వాత ఏ దారి మూయాలో తేల్చుకోవచ్చు.

2005లో మాల్కం గ్లేజర్ క్లబ్బును సుమారు 79 కోట్ల పౌండ్లకు కొన్నాడు. అందులో 50 కోట్లకు పైగా అప్పే. తాకట్టు పెట్టింది ఎక్కువగా క్లబ్బు ఆస్తుల్నే. అంటే ఇల్లు కొన్నది ఆయన, వాయిదాలు కట్టింది ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు. ఆ అప్పుల్లో ‘పిక్’ రుణాలని ఒక రకం ఉండేది. వాటికి వడ్డీ ఏటా చేతికి కట్టరు, అసలులో కలుపుకుంటూ పోతారు. 2010 ఆగస్టుకి ఆ వడ్డీ 16.25 శాతానికి ఎక్కింది. అదే ఏడాది నవంబరులో వాటిని తీర్చేశారు గానీ మిగతా అప్పు క్లబ్బు నెత్తినే ఉండిపోయింది.

ఇక ఓటు సంగతి. 2012 ఆగస్టులో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరు 14 డాలర్లకు అమ్మారు. జనం కొన్నది ‘ఏ’ తరగతి, షేరుకు ఒక ఓటు. కుటుంబం దగ్గరున్నది ‘బీ’ తరగతి, షేరుకు పది ఓట్లు. కాబట్టి అభిమానులంతా చందాలేసుకుని షేర్లు కొన్నా సర్వసభ్య సమావేశంలో నెగ్గేది లేదు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ పాతిక శాతం పైచిలుకు కొని ఆట వ్యవహారాలు చేతికి తీసుకున్నాడు. మెజారిటీ ఓట్లు మాత్రం ఇప్పటికీ కుటుంబానివే.

ఇప్పుడు ఆదాయం. 2023-24లో మొత్తం సుమారు 66 కోట్ల పౌండ్లు. అందులో మ్యాచ్ రోజు రాబడి 13.7 కోట్లు, టీవీ 22 కోట్లు, స్పాన్సర్లూ జెర్సీలూ కలిసి 30 కోట్లకు పైన. టికెట్లు మొత్తం ఆగినా పోయేది ఐదో వంతు. ఆ ఐదో వంతు కూడా పోదు, ఎందుకంటే సీజన్ టికెట్ కోసం వరుసలో ఉన్నవాళ్లు, పర్యాటకులు ఆ సీటును మర్నాడే భర్తీ చేస్తారు. యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో బహిష్కరణ పారకపోవడానికి కారణం అభిమానుల పిరికితనం కాదు, ఈ లెక్క.

గాజువాక_గోలీ

ఏటి మాస్టారూ, అయితే 2021 మే 2న జరిగింది లెక్కలోకి రాదేటి? ఆ రోజు లివర్‌పూల్‌తో మ్యాచ్. జనం గేట్లు దాటి పిచ్ మీదికెళ్లిపోనారు. జట్టు బస చేసిన హోటల్ బయట ఇంకో గుంపు. మ్యాచ్ వాయిదా పడి మే 13న ఆడారు. ప్రీమియర్ లీగ్‌లో అభిమానుల నిరసన వల్ల మ్యాచ్ వాయిదా పడ్డం అంటే చిన్న విషయమా?

లెక్కల_మాస్టారు

చిన్న విషయం కాదు గోలీ, పెద్ద విషయమే. ఫలితం ఏం వచ్చిందో కూడా చూడాలి కదా. జోయెల్ గ్లేజర్ జూన్‌లో మొదటిసారి అభిమానుల ప్రతినిధులతో మాట్లాడాడు. సలహా మండలి ఏర్పడింది. అభిమానులకు వాటాలిస్తామన్న మాట వచ్చింది, వాటాలు రాలేదు. యజమాని మారలేదు.

నిజంగా కుప్పకూలింది మే 2కి రెండు వారాల ముందు, యూరప్ పెద్ద క్లబ్బులు తమకే విడిగా పెట్టుకోబోయిన సూపర్ లీగ్. ఏప్రిల్ 18న 12 క్లబ్బులు ప్రకటించాయి, 20 రాత్రికి ఆరు ఇంగ్లీష్ క్లబ్బులూ తప్పుకున్నాయి. అక్కడ రోడ్డు మీద అభిమానులు ఒక్కళ్లే లేరు. ప్రభుత్వం, లీగు, యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ, ఆటగాళ్లు, కోచ్‌లు అందరూ ఒకే వైపు నిలబడ్డారు. గ్లేజర్ల విషయంలో ఆ బలగం ఎప్పుడూ కూడలేదు.

మద్దిలపాలెం_మిడ్‌ఫీల్డ్

లివర్‌పూల్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఇలాంటివాటిలో పాఠంగా పెట్టదగ్గది అదే.

కొత్త స్టాండ్‌లో అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లని ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్ మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యం. 82లో సండర్లాండ్ గోల్ ఒకటి, 89లో ఇంకోటి పడి మ్యాచ్ 2-2 అయింది. 10వ తేదీన యాజమాన్యం వెనక్కి తగ్గింది, 77 పౌండ్ల టికెట్ రద్దు, రెండు సీజన్లు ధరలు పెంచమని మాట.

ఎందుకు పారిందంటే, కోరిక ఒక్కటే. ‘ధర తగ్గించు’. దానికి యజమాని ‘సరే’ అనగలడు. ‘క్లబ్బు అమ్మేసి పో’ అంటే వందల కోట్లు వదులుకోవాలి, ఎవడంటాడు? రెండోది, నిమిషమే నినాదమైపోయింది. 77వ నిమిషంలో ఎందుకు లేచారని టీవీలో వ్యాఖ్యాత చెప్పక తప్పదు, పైసా ఖర్చు లేకుండా ప్రచారం. మూడోది, లేచినవాళ్లు టికెట్ డబ్బు ముందే కట్టేశారు. ఎవరికీ సీటు పోలేదు, సీజన్ టికెట్ పోలేదు. మామూలు మనిషి చేయగలిగిన పని. అందుకే అంతమంది లేచారు.

వెనక సంస్థ కూడా ఉంది. ‘స్పిరిట్ ఆఫ్ షాంక్లీ’ అనే అభిమానుల సంఘం 2008లో అప్పటి యజమానులు హిక్స్, జిలెట్ మీద పోరాటానికి పుట్టింది. ఆ జంట క్లబ్బును అప్పుల్లో ముంచాక 2010 అక్టోబరులో 30 కోట్ల పౌండ్లకు చేతులు మారింది. అక్కడ కూడా అసలు మెడ మీద కత్తి పెట్టింది గడువు ముగిసిన బ్యాంకు అప్పు. అభిమానులు చేసింది అప్పిచ్చేవాళ్లనీ, కొత్త యజమానులయ్యేవాళ్లనీ ఊపిరాడనివ్వకుండా చేయడం.

పూర్ణామార్కెట్_10

జెర్సీల బహిష్కరణ అంటారా, మనం ఏనాడో మొదలెట్టాం. మూడొందల నకిలీ జెర్సీ కొంటే గ్లేజర్ గారికి నయాపైసా ముట్టదు 😄

మద్దిలపాలెం_మిడ్‌ఫీల్డ్

నవ్వకండి పూర్ణామార్కెట్, 2010లో యునైటెడ్ అభిమానులు నిరసనగా వేసుకున్న ఆకుపచ్చ–పసుపు కండువాల కిటుకు అదే. యునైటెడ్ పూర్వరూపం న్యూటన్ హీత్, 1878లో పుట్టింది, దాని రంగులవి. ఆ రంగుల మీద క్లబ్బుకు వాణిజ్య హక్కు ఏమీ లేదు. కాబట్టి కండువా కొన్న ప్రతి పౌండూ బయటే ఉండిపోతుంది, స్టాండ్‌లో మాత్రం కెమెరా ఎటు తిరిగినా ఆ రంగులే. 2010 మార్చి 10న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మిలాన్ తరఫున ఆడి వెళ్తూ యునైటెడ్ పాత ఆటగాడు బెకమ్ ఒకటి మెడలో వేసుకున్నాడు, ప్రపంచమంతా చూసింది. లోపం ఏమిటంటే, కండువా వేసుకున్నవాడు టికెట్ కూడా కొన్నాడు. యజమాని ఖాతాలో ఆ సీజన్‌కీ డబ్బు పడింది.

సరుగుడుతోట

జర్మనీ గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి నేను.

అక్కడ 50+1 నిబంధన. ఆట నడిపే కంపెనీలో సగం ఓట్లు, పైన ఇంకొక్క ఓటు సభ్యుల సంఘానివే అయ్యుండాలి. లెవర్కూసెన్ క్లబ్బుకి బాయర్ కంపెనీ, వోల్ఫ్స్‌బర్గ్‌కి ఫోక్స్‌వాగన్ పాత మినహాయింపులు. 2023 డిసెంబరులో లీగు ఒక తీర్మానం పెట్టింది: ఇరవై ఏళ్ల ప్రసార హక్కుల రాబడిలో సుమారు 8 శాతం వాటా ఒక పెట్టుబడి సంస్థకు, బదులుగా వంద కోట్ల యూరోల దాకా. 36 క్లబ్బుల్లో మూడింట రెండొంతులు, అంటే 24 ఓట్లు కావాలి. సరిగ్గా 24 వచ్చాయి.

ఇక్కడే మెలిక. హానోవర్ క్లబ్బు సభ్యుల సంఘం తన ప్రతినిధి మార్టిన్ కిండ్‌కు వ్యతిరేకంగా ఓటెయ్యమని చెప్పింది. ఓటింగ్ రహస్యం. లెక్క చూస్తే ఆయన అనుకూలంగా వేశాడనే అందరి అనుమానం. అదే నిజమైతే 50+1 అప్పుడే పోయినట్టు. అభిమానులు పట్టుకున్నది ఆ ఒక్క ఓటునే: ‘రహస్యం కాదు, చేతులెత్తి మళ్లీ ఓటెయ్యండి’. ఎంత చిన్న కోరికో చూడండి.

పద్ధతికి వస్తే, మొదటి 12 నిమిషాలు నోరు మెదపరు. పాట లేదు, డప్పు లేదు. 2012లో భద్రతా నియమాల మీద చేసిన 12 నిమిషాల 12 సెకన్ల మౌనానికి ఇది కొనసాగింపు. 12 తర్వాత టెన్నిస్ బంతులు. బంతే ఎందుకంటే తగిలినా దెబ్బ తగలదు, కాబట్టి కేసు బరువు తక్కువ. ఒక్కోటి ఒక్కో జేబులో లోపలికొస్తుంది. గడ్డి మీద ఎటు పడితే అటు దొర్లుతుంది, ఏరడానికి బాల్‌బాయ్‌లు, సిబ్బంది మైదానమంతా తిరగాలి. ఏరాక ఇంకో విడత. రెఫరీ ఆట ఆపి, తర్వాత జట్లను లోపలికి పంపి, చివరికి మ్యాచ్ రద్దు చేసే దాకా మెట్లు ఎక్కాలి. హెర్తా–హాంబర్గ్ మ్యాచ్ అరగంటకు పైగా ఆగిపోయింది. ఇంకో చోట చాక్లెట్ నాణేలు, ఇంకో చోట పొగ చిమ్మే రిమోట్ బొమ్మకార్లు. బొమ్మకారును పట్టుకోవడానికి సిబ్బంది పరుగెత్తడం టీవీలో చూస్తే పెట్టుబడి పెట్టేవాడికి ఏమనిపిస్తుంది? కొంటున్నది ప్రసారం. ఆ ప్రసారమే సమయానికి సాగడం లేదు. 2024 ఫిబ్రవరి 21న లీగు బేరం విరమించుకుంది.

అమ్మే సరుకు విలువ కొనేవాడి కళ్లముందే పడిపోయింది. నా మట్టుకు ఇంతకు మించిన ఎత్తుగడ ఫుట్‌బాల్‌లో లేదు.

గాజువాక_గోలీ

సూపరన్నా. మరి మన దగ్గర స్టేడియంలో బంతులిసిరితే?

సరుగుడుతోట

వద్దు. ఇక్కడ గేటు దగ్గరే నీళ్ల సీసా, నాణేలు, పవర్ బ్యాంకు కూడా లాగేసుకుంటారు. లోపలికి వెళ్లినా జరిమానా పడేది క్లబ్బుకు, లాఠీ పడేది ముందు వరుసకి. పైగా జర్మనీలో ఒక స్టాండ్ మొత్తం ఒకే మాట మీద ఉంటుంది. ఇరవైమంది విసిరితే అది నిరసన కాదు, అల్లరి అంటారు. పొగ గొట్టాలు, బాణసంచా అసలే వద్దు.

డాల్ఫిన్‌నోస్

గెలిచిన కథలే చెప్తున్నారు. బహిష్కరణ ఎంత ఖరీదో తెలియాలంటే ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ క్లబ్బు చూడాలి.

యజమానులైన ఓయిస్టన్ కుటుంబం క్లబ్బు డబ్బు తమ ఇతర కంపెనీలకు మళ్లించుకుంది. అభిమానులు ‘ఇంకొక్క పెన్నీ ఇవ్వం’ అని కట్టుబడ్డారు. అంటే సొంత మైదానంలో టికెట్ లేదు, జెర్సీ లేదు, మ్యాచ్ పుస్తకం లేదు, లోపల దొరికే తిండి కూడా లేదు. బయటి ఊళ్ల మ్యాచ్‌లకు వెళ్లేవాళ్లు వెళ్లారు. 2015 మే 2న హడర్స్‌ఫీల్డ్ మ్యాచ్‌లో పిచ్ మీద కూర్చుంటే ఆట రద్దయింది. క్లబ్బు లీగుల అంచెల్లో 2015లో ఒక మెట్టు, 2016లో ఇంకో మెట్టు పడిపోయింది. 2017లో వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి పైకొస్తే ఆ రోజు కూడా చాలామంది కట్టు తప్పలేదు. సొంత జట్టు వెంబ్లీలో గెలుస్తుంటే ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

యజమానిని దించింది మాత్రం ఆయన భాగస్వామే. వాలెరీ బెలోకోన్ వేసిన దావాలో 2017 నవంబరులో హైకోర్టు 3.1 కోట్ల పౌండ్లకు పైగా కట్టమంది. కట్టలేక నానా తిప్పలు పడ్డాక 2019 ఫిబ్రవరిలో ఆస్తుల్ని స్వాధీనం చేసుకోవడానికి కోర్టు పెట్టిన రిసీవర్ వచ్చాడు. మార్చి 9న సౌతెండ్ మ్యాచ్‌కి జనం తిరిగొచ్చారు, స్టేడియం నిండింది. నాలుగేళ్ల ఖాళీ సీట్ల వల్ల ఒక మేలు జరిగింది: కోర్టు డబ్బు కట్టమన్నప్పుడు క్లబ్బు నుంచి పిండుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

రెడింగ్ క్లబ్బులోనూ అంతే. 2024 జనవరి 13న పోర్ట్ వేల్ మ్యాచ్ పిచ్ మీదికి దిగి ఆపేశారు. క్లబ్బు అమ్ముడైంది 2025 మేలో. యజమాని అనర్హుడని తేల్చి లీగు గడువు పెట్టాక.

కొత్తజాలారిపేట_వింగర్

నాదో సందేహం. గట్టిగా అరిచి, ఖాళీగా వదిలేసి, కోర్టు కోసం ఎదురుచూసే బదులు సొంత క్లబ్బు పెట్టుకుంటే పోదా?

డాల్ఫిన్‌నోస్

పెట్టుకున్నారు. 2002 మే 28న లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి ముగ్గురు సభ్యుల కమిషన్ ఒప్పుకుంది. కొద్ది వారాల్లోనే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టి, ఊరి పచ్చిక మైదానంలో ఆటగాళ్లకు ఎంపిక పరీక్షలు జరిపి, తొమ్మిదో అంచెలో మొదలెట్టారు. 2011కి ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020 నవంబరులో ప్లౌ లేన్‌లో సొంత స్టేడియం. 2005లో యునైటెడ్ నుంచి విడిపోయినవాళ్లు పెట్టిన ఎఫ్‌సీ యునైటెడ్‌ది మనిషికో ఓటు పద్ధతి, 2015లో సొంత మైదానం కట్టుకున్నారు, పైకి మాత్రం అంత ఎక్కలేదు.

రెండిటికీ తేడా: వింబుల్డన్ వాళ్లకు పాత క్లబ్బే ఊళ్లో లేకుండా పోయింది, జనం మొత్తం ఇటే వచ్చారు. యునైటెడ్ అక్కడే ఉంది, కాబట్టి ఇళ్లు చీలిపోయాయి.

ఉక్కునగరం_9

ఇప్పుడు అసలు మన సంగతికి రండి. హైదరాబాద్ ఎఫ్‌సీ.

2019లో పుణె క్లబ్బు స్థానంలో వచ్చింది. 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో కేరళ మీద పెనాల్టీల్లో 3-1తో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు. ఆ తర్వాతి ఏడాది పట్టికలో రెండో స్థానం. 2023-24లో జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా బదిలీ నిషేధాలు పడ్డాయి, 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు, 8 పాయింట్లు, అట్టడుగు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ.

వింబుల్డన్‌లో చేసినట్టు ఇక్కడ ఎవరూ ఎందుకు చేయలేదంటే, ఆపడానికి పట్టు ఎక్కడా లేదు. ఒకటి, ఐఎస్ఎల్ స్థానం కంపెనీది, ఊరిది కాదు. సభ్యుల సంఘం లేదు కాబట్టి ఓటు లేదు. రెండు, గచ్చిబౌలిలో కప్పు గెలిచిన జట్టుకు కూడా స్టాండ్లు నిండేవి కావు. పాపం జెండాలు మోసిన కుర్రాళ్లు చివరి వరకూ మోశారు, కాదనను. ఖాళీ సీట్లకు అలవాటు పడ్డ యజమానిని ఖాళీ సీట్లతో బెదిరించలేం. మూడు, ఊరు మార్చొద్దని పట్టుబట్టే పై సంస్థ లేదు. అప్పటికి జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యకూ వాణిజ్య భాగస్వామికీ మధ్య ఒప్పందమే గడువు దగ్గర పడి, లీగు జరుగుతుందో లేదో తెలియని స్థితి.

కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్ చూడండి, తేడా తెలుస్తుంది. వ్యాపారి గోయెంకా నడిపే ఏటీకే క్లబ్బుతో 2020 విలీనంలో 80 శాతం గోయెంకా కంపెనీకి, 20 శాతం పాత క్లబ్బుకి. పేరు ముందు ‘ఏటీకే’ చేర్చారు. అభిమానులు మూడేళ్లు ఒకే మాట: ‘ఏటీకే తీసెయ్’. డబ్బు వెనక్కి అడగలేదు, యజమానిని పొమ్మనలేదు. 2023 మార్చి 18న కప్పు గెలిచిన రాత్రే పేరు మారుస్తున్నామని గోయెంకా ప్రకటించాడు. కోల్‌కతాలో ఆ పేరు మీద లక్షలమంది ఉన్నారు, వాళ్లని కాదని సరుకు అమ్ముకోలేడు. అదే ఊరి ఈస్ట్ బెంగాల్‌లో 2021 జులై 21న క్లబ్బు గుడారం బయట లాఠీలు లేచాయి. అక్కడ అభిమానులే రెండు ముక్కలు, పెట్టుబడిదారుతో ఒప్పందం మీద సంతకం పెట్టమని కొందరు, వద్దని కొందరు. చీలిన గుంపును చూసి ఎవరు భయపడతారు?

లెక్కల_మాస్టారు

దీనికి ఒక్క ముక్క కలుపుతా. ఇంగ్లండ్‌లో ఇన్నేళ్ల గొడవకు చివరికి పండిన పంట చట్టం. 2019 ఆగస్టులో బరీ క్లబ్బును లీగు నుంచి తీసేశారు. ఆ ముందటి డిసెంబరులో ఒక్క పౌండుకు చేతులు మారిన క్లబ్బు అది. సూపర్ లీగ్ తర్వాత ఎంపీ ట్రేసీ క్రౌచ్ నివేదిక. 2025 జులై 21న చట్టానికి రాజముద్ర. క్లబ్బుకు లైసెన్సు, యజమానికి పరీక్ష, మైదానం–చిహ్నం–రంగుల మీద అభిమానులను అడగాలి. మన దగ్గర అదే ఏడాది వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల గురించి. క్లబ్బు యజమానుల జోలికి అది వెళ్లదు.

కొత్తజాలారిపేట_వింగర్

అంటే రేపు వైజాగ్‌లో క్లబ్బు పెడితే మొదటి రోజునుంచే జాగ్రత్త పడాలంటారు.

ఉక్కునగరం_9

అవును. ఏపీ సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురు చాలు. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నియమావళి ఇవ్వాలి. అందరూ ఎక్కడో దొరికిన నమూనా నియమావళి దించేసి సంతకాలు పెడతారు, గొడవ వచ్చాక తెరిచి చూస్తారు. అందులో రాయాల్సినవి వేరే. క్లబ్బు పేరు, చిహ్నం, రంగులు, ఆడే ఊరు మార్చాలంటే మామూలు మెజారిటీ చాలదని రాయండి. పేరూ చిహ్నం సొసైటీ పేరు మీదే ఉంచండి. జట్టు నడపడానికి రేపు కంపెనీ పెట్టినా వాడుకునే హక్కు మాత్రమే ఇవ్వాలి, అమ్మకూడదు. కోశాధికారి, కార్యదర్శి ఇద్దరి సంతకాలు లేకుండా బ్యాంకులో డబ్బు కదలకూడదు.

ఎన్నికల ముందు సభ్యత్వాలు కుప్పలుగా కట్టించడం మన సంఘాల్లో పాత జబ్బు. ఓటు హక్కుకు కనీసం ఆరునెలల పాత సభ్యత్వం ఉండాలని, రుసుము ఎవరిది వాళ్ల ఖాతా నుంచే రావాలని పెట్టండి. దీనికి తిరగేసిన జబ్బు జర్మనీ క్లబ్బు లైప్‌జిగ్‌ది. అక్కడ సంఘం ఉంది, 50+1 అక్షరాలా పాటించారు, కాకపోతే ఓటున్న సభ్యులు ఇరవై చిల్లర, ఎక్కువమంది రెడ్‌బుల్ సంస్థతో సంబంధం ఉన్నవాళ్లే. కాబట్టి కారణం రాయకుండా సభ్యత్వ దరఖాస్తు తిరస్కరించే అధికారం కమిటీకి ఇవ్వొద్దు.

బీచ్‌రోడ్_ఫుల్‌బ్యాక్

బ్యానర్ గురించి కూడా చెప్పండి పెద్దలూ. కొందరు ‘స్క్రీన్ ముందు 12 నిమిషాలు మౌనం పాటిద్దాం’ అంటున్నారు.

పూర్ణామార్కెట్_10

స్క్రీన్ ముందు మౌనంగా ఉంటే లాభపడేది పక్కింటివాళ్లే.

మద్దిలపాలెం_మిడ్‌ఫీల్డ్

నిజమే. మాంచెస్టర్‌కు మన అరుపు వినబడదు, మన మౌనం అంతకన్నా వినబడదు. మాస్టారు చెప్పిన 30 కోట్ల వాణిజ్య రాబడి మాత్రం మనలాంటివాళ్లను చూపించే తెస్తున్నారు. ‘ఆసియాలో ఇంతమంది అభిమానులు’ అని స్పాన్సర్‌కు చెప్పి అమ్ముతారు. కాబట్టి బీచ్‌లో ఫొటో తీసి యజమానికి పంపడం దండగ. స్పాన్సర్ల భారత విభాగాలకు, ఒక్కో సంస్థకు ఒక్కో ఉత్తరం, సంతకాలతో, ఫొటో జోడించి పంపండి. అందరికీ ఒకటే ఉత్తరం పంపితే చెత్తబుట్టే. తిట్లు రాయొద్దు, ఒక్క కోరిక రాయండి.

సరుగుడుతోట

బ్యానర్‌కి ఫ్లెక్సు వద్దు. గాలికి పటపటలాడుతుంది, ముడతలు తెల్లగా మెరిసి ఫొటోలో అక్షరాలు పోతాయి, పని అయ్యాక పారెయ్యడమే. నూలు గుడ్డ తీసుకోండి. 36 అంగుళాల పన్నా రెండు వరసలు కలిపి కుట్టిస్తే, కుట్టు పోను 5 అడుగుల 10 అంగుళాల ఎత్తు. 18 అడుగుల పొడవుకి 12 మీటర్లు కొంటే చాలు. ముందే ఒకసారి నీళ్లలో ముంచి ఆరేయండి, లేకపోతే రంగు తడికి గుడ్డ ముడుచుకుని అక్షరాలు వంకర పోతాయి.

గోడలకు వేసే ఎమల్షన్‌ని నీళ్లతో పల్చగా కలిపి పలుచటి పూత రెండుసార్లు. ఒకేసారి చిక్కగా పూస్తే మడత దగ్గర పెచ్చులూడుతుంది. కింద పాత వార్తాపత్రికలు కాదు, ప్లాస్టిక్ పట్టా వేయండి, కాగితం గుడ్డకి అంటుకుంటుంది. మడవకుండా పీవీసీ గొట్టానికి చుట్టి తీసుకెళ్లాలి.

రెండు పక్కలా సంచిలా కుట్టించి సరుగుడు కర్రలు దూర్చండి. మధ్యలో ఇంకో కర్ర తప్పదు. సాయంత్రం సముద్రపు గాలికి 18 అడుగుల గుడ్డ తెరచాపలా పొంగి ఇద్దర్నీ రోడ్డు మీదికి లాగేస్తుంది. మూడు కర్రలకు కర్రకిద్దరు, మొత్తం ఆరుగురు, వీపు సముద్రం వైపు కాకుండా గాలికి అడ్డకోణంలో నిలబడాలి.

డాల్ఫిన్‌నోస్

అనుమతి: ఆ పరిధి స్టేషన్‌లో దరఖాస్తు రెండు కాపీలు ఇచ్చి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. తేదీ, మొదలు–ముగింపు సమయం, ఎంతమంది, సరిగ్గా ఎక్కడ, మైకు ఉందా లేదా, బాధ్యత వహించే ఇద్దరి పేర్లు, ఫోన్లు. నగరంలో పోలీసు చట్టం 30వ సెక్షన్ ఉత్తర్వులు తరచూ అమల్లో ఉంటాయి, ‘పదిమందే కదా’ అనుకోవద్దు. వీలైతే నాలుగైదు రోజుల ముందు ఇవ్వండి. విదేశీ క్లబ్బు యజమాని మీద అని చెప్తే డ్యూటీ ఆఫీసరు రెండుసార్లు అడుగుతారు, ఓపిగ్గా చెప్పండి. ఏ రాజకీయ పార్టీ, ఏ కులం, ఏ స్థానిక సంస్థ ప్రస్తావనా లేదని ఒక వాక్యం రాయడం మేలు. ఆర్కే బీచ్‌కి ఒప్పుకోకపోతే జీవీఎంసీ గాంధీ విగ్రహం ఉంది, నగరంలో ధర్నాలన్నీ అక్కడే.

మైకు మానేయండి. వేసవి కాలంలో ఇంగ్లండ్ మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకు రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు. మ్యాచ్ అయ్యాక అనుకుంటే పది దగ్గర పడుతుంది, చలికాలంలో దాటుతుంది, పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం. మ్యాచ్‌కి ముందు, వెలుతురు ఉండగా సాయంత్రం ఐదు ప్రాంతంలో నిలబడితే ఫొటో కూడా బాగుంటుంది.

గాజువాక_గోలీ

ఒక్కరోజు నిలబడి వదిలేస్తే ఏటవుతాది? మా కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికులు 2021 ఫిబ్రవరి నుంచి రిలే దీక్షలకి కూకున్నారు. రోజుకో విభాగం వంతు, పేర్లు ముందే రాసేసుకుంటారు. ఎవడి డ్యూటీ వాడికి తెలుసు కాబట్టి శిబిరం ఖాళీ అవ్వదు. నెలకో ఆదివారం వంతులేసుకోండి, అయిదుగురొచ్చినా చాలు.

బీచ్‌రోడ్_ఫుల్‌బ్యాక్

బాగుంది. పైన ఇంగ్లీషులో ‘లవ్ యునైటెడ్, హేట్ గ్లేజర్’ అని పాత నినాదం 18 అంగుళాల అక్షరాలతో, కింద తెలుగులో ‘అప్పు మీది, క్లబ్బు మాది’ అని అనుకుంటున్నాం.

సరుగుడుతోట

18 అంగుళాలు పట్టవు. ఇంగ్లీషులో ఆ నినాదానికి 20 అక్షరాలు, మధ్య ఖాళీలు మూడు, మొత్తం 23 గళ్లు. 216 అంగుళాల గుడ్డలో రెండు అంచులకు ఆరేసి తీస్తే మిగిలేది 204. గడికి తొమ్మిది అంగుళాలు కూడా రావు. ఎత్తు 12 పెట్టండి. అంగుళం ఎత్తుకు పది అడుగుల దూరం హాయిగా కనబడుతుంది, 120 అడుగులు, రోడ్డు అవతలి ఫుట్‌పాత్‌కి సరిపోద్ది.

తెలుగు వరస కింద చోటు ఎక్కువ వదలండి. ‘అప్పు’కి, ‘క్లబ్బు’కి వత్తులు కిందికి దిగుతాయి. అక్షరం 16 అంగుళాలైతే వత్తుకు ఇంకో 10, పైన గుడికి 8, అంటే ఆ వరస ఒక్కటే 34. పైన 12, మధ్యలో ఖాళీ 6. మొత్తం 52. కుట్టు పోను ఉన్న 70లో సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు రాసే పెయింటర్‌కి ఇచ్చేస్తే వత్తులు కుట్టులో కలిసిపోతాయి, కాబట్టి ముందు సుద్దతో గళ్లు గీసుకుని తెలుగు వరస మొదట రాయించండి. రెండు పన్నాలు కలిసే కుట్టు సరిగ్గా 35 అంగుళాల దగ్గర వస్తుంది, తెలుగు అక్షరాల నడుము దాని మీద పడకుండా ఇంగ్లీషు వరసను కొంచెం పైకి జరపాలో కిందికి జరపాలో గుడ్డ పరిచాకే చూసుకోండి.